పెళ్ళిలో చిన్న సీసాలు, ఇంట్లో టిన్నులు మానేయాలంటే కోనసీమ నీళ్ళకి ఏం చెయ్యాలి?

బోదెగట్టు అడిగినది

అందరికీ నమస్కారమండి. ఊరు అమలాపురానికి దగ్గర. మాఘంలో ఇంట్లో పెళ్ళి, భోజనాలకి 800 మంది దాకా తేలుతున్నారు. వంటల కాంట్రాక్టరు మనిషికి రెండు చొప్పున 250 మి.లీ. సీసాలు 1600 రాసుకోమంటున్నారు. గ్లాసులంటే జనం ఎంగిలి అనుకుంటారని ఆయన వాదన. సగం తాగి వదిలేసిన ఆ సీసాలు మర్నాటికి ఏ కాలువలో తేల్తాయో మన వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అడగాల్సినవి మూడు. సీసాలు లేకుండా అంతమందికి శుభ్రంగా నీళ్ళు ఇవ్వాలంటే ఎన్ని గ్లాసులు, ఎన్ని టిన్నులు, ఎంతమంది మనుషులు కావాలి? రెండోది, పంచాయతీ కుళాయి ఉన్నా ఇంట్లో రోజుకో 20 లీటర్ల నీళ్ళ టిన్ను కొంటున్నాం. టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పులు, మి.గ్రా.లో) మీటరు పెడితే కుళాయి నీళ్ళు 210, టిన్ను నీళ్ళు 38 చూపిస్తున్నాయి. టిన్ను మానేసి ఆర్‌ఓ మిషను పెట్టుకోమంటారా? మూడోది, ఖాళీ సీసాలు పాత సామాన్ల కొట్టుకి వేస్తే నిజంగా మళ్ళీ సీసాలవుతాయా, లేక అది మనసుకి చెప్పుకునే మాటేనా?

ఫిల్టర్‌బెడ్ జవాబు

రెండో ప్రశ్న నేను తీసుకుంటానండి. 210 అంటే అది కాలువ నీరే. ధవళేశ్వరం నుంచి కాలువల్లో వచ్చి, ఊరి మంచినీళ్ళ చెరువులోకి ఎక్కి, ఇసుక బెడ్ల మీదుగా ట్యాంకులోకి పోయే నీరు మామూలుగా 150 నుంచి 300 మధ్య ఉంటుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో టీడీఎస్ 500 దాకా చక్కగా తాగొచ్చు, వేరే ఆధారం లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. ఆర్‌ఓ పని ఉప్పు తియ్యడం. మీ నీళ్ళలో తియ్యాల్సినంత ఉప్పే లేదు. పైగా ఇంట్లో పెట్టే మిషను ఒక లీటరు ఇవ్వడానికి మూడు లీటర్ల దాకా బయటికి పారబోస్తుంది. రోజుకి 20 లీటర్లు తాగే ఇంట్లో 60 లీటర్లు మోరీపాలు.

38 చూసి టిన్ను నీళ్ళు మంచివనుకోకండి. ఆ మీటరు కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందనే. బ్యాక్టీరియా, పురుగుమందు దానికి కనపడవు. మురికి చెయ్యి ముంచిన ఆర్‌ఓ నీళ్ళక్కూడా అది 38 అనే చెప్తుంది.

కాలువ నీటితో వచ్చే తంటాలు మూడు: వరద రోజుల్లో మట్టి, ఏడాది పొడవునా బ్యాక్టీరియా, ఎండల్లో నాచు వాసన. దేని మందు దానిదే.

మట్టికి పటిక. 20 లీటర్ల బిందెకి అర గ్రాము నుంచి ఒక గ్రాము చాలు, అంటే లీటరుకి 25 నుంచి 50 మి.గ్రా. చాలామంది ముక్క బిందెలో వేసి వదిలేస్తారు. అప్పుడది కావాల్సినదానికి ఎన్నో రెట్లు కరిగి నీళ్ళు పుల్లబడతాయి. పొడి చేసి చెంబు నీళ్ళలో కలిపి పొయ్యండి. ఒక నిమిషం గట్టిగా, తర్వాత అయిదు నిమిషాలు నెమ్మదిగా తిప్పి, మూడు నాలుగు గంటలు కదపకుండా ఉంచి, పైనీళ్ళు వంచుకోండి. పాతకాలం వాళ్ళు చిల్లగింజని సానరాయి మీద అరగదీసి కలిపేవాళ్ళు. అది కూడా పనిచేస్తుంది. మట్టి దిగుతుంది, క్రిములు మాత్రం పూర్తిగా పోవు.

వాసనకి కార్బన్. ఎండాకాలం చెరువు పచ్చబడినప్పుడు వచ్చే మట్టి కంపు నాచు వదిలే పదార్థాల వల్లే. మరిగించినా, క్లోరిన్ వేసినా అది సరిగ్గా పోదు. కార్బన్ గొట్టంలోంచి నెమ్మదిగా పంపితే పోతుంది. గొట్టం ఆరు నెలలకో, వాసన మళ్ళీ తగిలినప్పుడో మార్చాలి. అరిగిపోయిన కార్బన్‌లో బ్యాక్టీరియాయే కాపురం పెడుతుంది, అందుకే దాని తర్వాత ఇంకో మెట్టు ఉండాలి.

ఆ మెట్టు యూఎఫ్, అంటే అల్ట్రాఫిల్ట్రేషన్. సన్నటి బోలు దారాల కట్ట, రంధ్రం 0.01 మైక్రాను దగ్గర. బ్యాక్టీరియా దాటలేదు. కరెంటు అక్కర్లేదు, పైట్యాంకు ఒత్తిడి చాలు, పారబోత లేదు. వెనక్కి కడగడానికి వారానికి ఒకటి రెండు లీటర్లు పోతాయంతే. శత్రువు మట్టి. ముందు 5 మైక్రాన్ల మట్టి ఫిల్టరు లేకుండా బిగిస్తే ఆగస్టు వరదనీటికి పదిరోజుల్లో మూసుకుపోతుంది. ఆ 5 మైక్రాన్ల గొట్టం వానాకాలంలో నెలకోటి, తక్కిన రోజుల్లో మూడు నెలలకోటి పడుతుంది. వరస తప్పకండి: మట్టి ఫిల్టరు, కార్బన్, యూఎఫ్. క్రిముల్ని చంపే యూవీ (అతినీలలోహిత) దీపం పెట్టేవాళ్ళు రెండు విషయాలు చూసుకోవాలి. నీళ్ళు మసకగా ఉంటే కిరణాలు లోపలికి పోవు, దీపం వెలుగుతున్నట్టు కనపడినా 8000, 9000 గంటలు దాటాక పస తగ్గిపోతుంది.

ఏదీ కొననివాళ్ళకి మరిగించడమే. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. పావుగంట మరిగిస్తే గ్యాసు దండగ.

ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకుకి క్లోరిన్ వేసుకోవాలంటే 30 శాతం బ్లీచింగు 4 గ్రాములు, అంటే లీటరుకి సుమారు 1.2 మి.గ్రా. నేరుగా ట్యాంకులో చల్లకండి. మగ్గులో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి పైతేట మాత్రమే పొయ్యాలి. అడుగున ఉండేది సున్నం. అరగంట తర్వాత పరీక్ష చేస్తే లీటరుకి 0.5 మి.గ్రా. దగ్గర క్లోరిన్ మిగలాలి, చివరి కుళాయి దగ్గర 0.2కి తగ్గకూడదు. ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసే క్లోరోస్కోపు పంచాయతీ పంపు ఆపరేటరు దగ్గర ఉండాలి, అడిగి చూడండి. పసుపు రంగు రాలేదంటే క్లోరిన్ మిగల్లేదని. ఒక్కోసారి 4 గ్రాములు వేసినా రంగు రాదు. నీళ్ళలో మట్టో కుళ్ళో క్లోరిన్‌ని తినేసిందన్నమాట. ముందు మట్టి దించండి, ఆ తర్వాతే మోతాదు పెంచండి.

బ్యాక్టీరియా ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవాలంటే హెచ్‌టూఎస్ సీసా అనే చిన్న పరీక్ష సీసా ఉంది. గీత దాకా నీళ్ళు పోసి మూతపెట్టి మామూలు వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచితే, కలుషితమైతే నల్లబడుతుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకి ఇలాంటి కిట్లతో పరీక్షలు నేర్పారు. మీ ఊళ్ళో ఎవరో సచివాలయంలో చెప్తారు. పూర్తి పరీక్ష కావాలంటే ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబుకి ఇవ్వండి. బ్యాక్టీరియా పరీక్షకి వాళ్ళిచ్చే శుభ్రం చేసిన సీసాలోనే పట్టాలి. తాగి పడేసిన నీళ్ళ సీసాలో పట్టుకెళ్తే వచ్చే ఫలితం ఆ సీసాది, మీ కుళాయిది కాదు.

వడ్డనబంతి జవాబు

పెళ్ళి సంగతి నేను రాస్తాను. 800 మందికి అసాధ్యమేమీ కాదు, ముందే లెక్క వేసుకోవాలంతే.

మాఘంలో భోజనం దగ్గర మనిషికి ముప్పావు లీటరు వేసుకోండి. 600 లీటర్లు, అంటే 30 టిన్నులు. అయిదు అదనంగా చెప్పుకోండి. వైశాఖం పెళ్ళయితే ఇదే లెక్క లీటరు దాటుతుంది. టిన్నులు ఆ ఉదయమే నింపించి తెప్పించాలి. ముందురోజు తెప్పించి ఎండలో పేర్చితే ఆర్‌ఓ నీళ్ళలో క్లోరిన్ ఏమీ ఉండదు కాబట్టి లోపల ఏది పడినా పెరుగుతుంది.

గ్లాసుల లెక్క బంతిని బట్టి. బంతికి 200 మంది కూర్చుంటే 200 ఆకుల దగ్గర, 200 కడుగుడులో, 200 ఆరుతూ ఉండాలి. 600 గ్లాసులు, పోయేవి సొట్టలు పడేవి కలిపి ఇంకో 60. సప్లయర్స్ దగ్గర తీసుకునేటప్పుడు ఒక గ్లాసు అంచు మీద వేలు పెట్టి తిప్పి చూడండి. అంచు లోపలికి మడిచిన రకం వద్దు. ఆ మడతలో పులుసు జిడ్డు, సబ్బు ఇరుక్కుంటాయి, ఎంత తోమినా రావు. అంచు సాపుగా ఉన్నవి అడగండి, కొంచెం పలచగా ఉన్నా ఫరవాలేదు. ముందురోజు సాయంత్రం అన్నీ ఒకసారి కడిగించాలి. గోడౌన్లో దుమ్ములో ఉండి వస్తాయి.

కడగడానికి మూడు 100 లీటర్ల తొట్లు వరసగా. మొదటిదాంట్లో సబ్బునీళ్ళు, పీచుతో తోమడం. రెండోది మంచినీళ్ళు. మూడోదాంట్లో 100 లీటర్లకి 20 గ్రాముల బ్లీచింగు తేట, లీటరుకి సుమారు 60 మి.గ్రా. క్లోరిన్. ఒక నిమిషం మునిగి ఉండాలి, ముంచి తీసెయ్యడం కాదు. తీసినవి బోర్లించి జల్లెడ బల్ల మీద ఆరనివ్వాలి. తువ్వాలుతో తుడవనివ్వకండి, అప్పటిదాకా చేసిందంతా ఆ తువ్వాలు పాడుచేస్తుంది. రెండో తొట్టి ప్రతి 200 గ్లాసులకీ, మూడోది 400కీ మార్చాలి. సబ్బు, జిడ్డు మూడో తొట్టిలోకి జారితే క్లోరిన్ విరిగిపోతుంది. బ్లీచింగు వాసన తగలడం మానేసిందంటే మార్చే వేళ దాటిందని గుర్తు. నలుగురు మనుషులు: తోమేవాళ్ళిద్దరు, జాడించే వాళ్ళొకరు, ముంచి బోర్లించే వాళ్ళొకరు. 200 గ్లాసులు అరగంటలో తేలతాయి, బంతి లేచేది అంతకన్నా ఆలస్యంగానే.

గ్లాసులు కడిగితే నీళ్ళు దండగ కదా అని ఎవరో ఒకరు అంటారు. మొత్తం పెళ్ళికి ఆరేడు వందల లీటర్లు పడుతుంది, అదీ మామూలు వాడుక నీరు. 1600 సీసాల్లో ఒక్కోదాంట్లో వంద మి.లీ. వదిలేసినా 160 లీటర్లు తాగే నీళ్ళే నేలపాలు, ప్లాస్టిక్కు సంగతి అటుంచి.

వడ్డనకి యాభై ఆకులకో మనిషి, చేతిలో రెండు లీటర్ల జగ్గు. ఆకు వెయ్యగానే సగం గ్లాసే పొయ్యాలి. కూరలు అయ్యాక ఒకసారి, పెరుగు దగ్గర ఒకసారి తిరగాలి. సీసాలు వచ్చాక మానేసిన పని ఇదే. నీళ్ళ వడ్డనకి మనుషుల్ని తగ్గించుకోడానికే కాంట్రాక్టర్లు సీసాలు పెడుతున్నారు, ఎంగిలి అన్నది పైకి చెప్పే మాట. ఆకు ధరలో సీసాల డబ్బులు కలిపే ఉంటాయి. అవి తీయించి, ఆ డబ్బుతో నలుగురు నీళ్ళ మనుషుల్ని, నలుగురు కడిగేవాళ్ళని పెట్టమని రాయించుకోండి. అడ్వాన్సు ఇవ్వకముందే సుమండీ.

ఎంగిలి శంక నిజంగా ఉన్నవాళ్ళ కోసం కడిగే చోటు పందిరి వెనక దాచకండి. చేతులు కడుక్కునే దారిలోనే పెట్టించండి. తొట్లు, బోర్లించిన గ్లాసులు కంటికి కనపడితే మాట్లాడేవాళ్ళు తగ్గుతారు. గంగాళంలో చెంబు ముంచే పద్ధతి మాత్రం వద్దు. కుళాయి ఉన్న డ్రమ్ములు తీసుకోండి.

బఫే అయితే కథ మారుతుంది. నిలబడి తినేవాళ్ళు గ్లాసు ఎక్కడ పెడతారో వాళ్ళకే తెలీదు. అక్కడ నూటయాభై మందికో నీళ్ళ బల్ల, ప్రతి బల్ల పక్కనే వాడిన గ్లాసులకి బుట్ట ఉండాలి. బుట్ట లేకపోతే గంటలో గ్లాసులన్నీ కుర్చీల కిందే. పెళ్ళివారి బస్సుకి ఒక టిన్ను, నొక్కుడు పంపు, పాతిక గ్లాసులు ఎక్కించండి. అదీ కుదరదంటే లీటరు సీసాలు పెట్టండి. 250వి నాలుగు కలిపితే సుమారు 40 గ్రాముల ప్లాస్టిక్కు, లీటరు సీసా ఒకటి 20, 25 గ్రాములు.

పాతసామాన్లు జవాబు

మూడో ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, సీసా మళ్ళీ సీసా కావడం తక్కువ. ఈ నీళ్ళ సీసాలు పెట్ అనే రకం ప్లాస్టిక్కు, అవి ఎక్కువభాగం పాలిస్టరు దారం అవుతాయి. దిండ్లలో దూది, చాపలు, బట్టలు. అక్కడితో దాని ప్రయాణం అయిపోయినట్టే, ఆ బట్ట మళ్ళీ ఎవరూ కరిగించరు. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025-26 నుంచి 30 శాతం తిరిగి వాడిన ప్లాస్టిక్కు ఉండాలని కేంద్రం నియమం పెట్టింది కాబట్టి ఇకముందు సీసాకి సీసా కొంచెం పెరగొచ్చు.

మీ 1600 సీసాలు సుమారు 16 కేజీలు. తూకానికి చిన్నది, చోటుకి పెద్దది. నలగ్గొట్టకుండా బస్తాల్లో వేస్తే ఆటో గాలినే మోస్తుంది, అందుకే ఊళ్ళ నుంచి కొట్టువాళ్ళు వాటికోసం రారు. వాడక తప్పకపోతే నీళ్ళు వంచేసి, మూత తీసి, నలిపి, మూతలు వేరే సంచిలో వెయ్యండి. మూత పాలిథిలీన్, సీసా పెట్. రెండూ వేర్వేరు సరుకులు. సాంబారు, పెరుగు అంటిన సీసాకి ధర పడిపోతుంది, కొన్నిచోట్ల తీసుకోనే తీసుకోరు. ఎంగిలాకుల కుప్పలో కలిసిన సీసాలైతే రెండిటికీ చేటు. ఆకులు పెంటగొయ్యికి పనికిరావు, సీసాలు కొట్టుకి పనికిరావు. గొడ్లు మూతులు పెట్టేదీ ఆ కుప్పలోనే. ఆకులకో చోటు, సీసాలకో చోటు పందిట్లోనే వేరుచెయ్యాలి, మర్నాడు ఏరడం జరగని పని.

కాలువలో పడ్డ సీసా గురించి ఒక సంగతి చాలామంది గమనించరు. మూత ఉన్నది గాలి పట్టుకుని తేలుతుంది, గుర్రపుడెక్కలో చిక్కుకుని లాకుల దగ్గరకి చేరుతుంది, కనపడుతుంది కాబట్టి ఎవరో తీస్తారు. మూత లేనిది నీళ్ళు నిండి మునుగుతుంది. పెట్ నీటికన్నా బరువు, లీటరుకి 1.38 కేజీలు. అడుగు మట్టిలో, తూముల్లో కూరుకుంటుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడికతో పాటు బయటపడేవి అవే. విడి మూతలు తేలుకుంటూ సముద్రం దాకా పోతాయి.

గట్టు మీద పోగేసి తగలబెట్టడం అన్నిటికన్నా చెడ్డది. కొన్ని సీసాల మీద బిగుతుగా తొడిగే లేబుళ్ళు పీవీసీ, కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లనే విషాలు వస్తాయి.

ఇంకో మాట. సీసాలు మానేస్తున్నాం అని ప్లాస్టిక్ గ్లాసులు తెప్పించేవాళ్ళున్నారు. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన వాటిలో ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు ఉన్నాయి. నీళ్ళ సీసాలు ఆ జాబితాలో లేవు, విడ్డూరమే. పేపరు గ్లాసు లోపల పాలిథిలీన్ పూత ఉంటుంది. దాన్ని ఏ కొట్టూ కొనదు. పెట్ సీసాకి ఉన్న విలువ కూడా దానికి లేదు. నీళ్ళ ప్యాకెట్టు కవరుదీ అదే గతి.

ఉప్పుగాలి జవాబు

ఫిల్టర్‌బెడ్ గారు చెప్పింది కాలువ అందే ఊళ్ళకి. శివారు ఊళ్ళ సంగతి ఎవరూ రాయలేదు. సఖినేటిపల్లి, అంతర్వేది, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అటు మొగల్తూరు వైపు చాలాచోట్ల బోరు నీటి టీడీఎస్ 1500 దాటుతుంది. అక్కడ యూఎఫ్ పెడితే శుభ్రమైన ఉప్పునీళ్ళు వస్తాయి. మాకు ఆర్‌ఓ తప్పదు. కాకపోతే ఇంటింటికీ కాదు, ఊరికి ఒకటి.

ఎందుకంటే పారబోత. గంటకి వెయ్యి లీటర్ల ప్లాంటు సరిగ్గా నడిపితే సగం నీళ్ళు మంచినీళ్ళుగా వస్తాయి, ఇంటి మిషను పావువంతు ఇస్తుంది. ప్లాంటు పారబోసే సగంలో ఉప్పంతా చేరుతుంది. 1500 నీరు లోపలికెళ్తే 3000కి దగ్గరగా బయటికొస్తుంది. ఇది పొలాలకి నీళ్ళిచ్చే బోదెలోకి వదలడమే అసలు తప్పు. అంత ఉప్పునీటికి వరి దిగుబడి తగ్గుతుంది, నారుమడైతే ఇంకా ముందే దెబ్బతింటుంది. కొబ్బరి ఓర్చుకుంటుంది, అదీ ఇసుక నేలల్లో, వానలకి కడుగుడు పడేచోట. లేదంటే ఆ నీరు మురుగు డ్రెయిన్‌కే పోవాలి, పంట కాలువకి కాదు. మన దగ్గర ఈ రెండూ గట్టుకి అటూ ఇటూ ఉంటాయి, పైపు ఎటు తిప్పి ఉందో ఒకసారి వెళ్ళి చూడండి.

ప్లాంటు వాళ్ళని అడగాల్సినవి: టిన్నులు దేంతో కడుగుతున్నారు, చివరి పరీక్ష కాగితం ఎప్పటిది, నీళ్ళ టీడీఎస్ ఎంతకి దించుతున్నారు. 30, 40కి దించడం గొప్ప అనుకుంటున్నారు. అంత పలచటి నీటిలో పీహెచ్ 6.5 కిందకి జారుతుంది, కాల్షియం మెగ్నీషియం ఉండవు, రుచీ చప్పగా ఉంటుంది. తొమ్మిది పాళ్ళ ఆర్‌ఓ నీటికి ఇసుక, కార్బన్ ఫిల్టర్ల మీదుగా వచ్చిన బోరు నీరు ఒక పాలు కలిపితే 40 నుంచి 190 దగ్గరికి వస్తుంది. నీళ్ళు మిగులుతాయి, కరెంటు మిగులుతుంది. కలిపింది యూవీ కింద పంపాలి, అది మరవకూడదు.

తీరం వెంట ఇసుక దిబ్బల మీద ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. వాననీరు ఇసుకలోకి ఇంకి, కింది ఉప్పునీటి మీద తేలుతూ ఒక తియ్యటి పొరగా నిలుస్తుంది. లోతు తక్కువ నూతిలో, చేతిపంపులో మంచినీరు, అదే చోట లోతు బోరులో ఉప్పు రావడానికి కారణం ఇదే. మోటారు పెట్టి గట్టిగా లాగితే కింది ఉప్పు పైకి తోసుకొస్తుంది. బకెట్లతో తోడుకున్నన్నాళ్ళూ తియ్యగా ఉన్న నుయ్యి, ఒక హార్స్‌పవర్ మోటారు పెట్టాక ఉప్పెక్కేది అందుకే. పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వితే ఇక ఆ పొర మీద ఆశ వదులుకోవాలి.

బోదెగట్టు మళ్ళీ

అందరికీ దండాలండి. సప్లయర్స్ దగ్గర సాపు అంచు గ్లాసులు 400 ఉన్నాయట, మిగతావి రాజోలు నుంచి తెప్పిస్తానన్నారు. రెండు సందేహాలు మిగిలాయి. వేసవిలో కాలువలు కట్టేశాక కూడా కుళాయి నీళ్ళేనా? మా చెరువు పక్కనే చేపల చెరువులు వచ్చాయి, ఆ మందులు యూఎఫ్‌లో ఆగుతాయా? ఇంకా, పెళ్ళిలో చల్లటి నీళ్ళు అడిగేవాళ్ళకి ఐసు వెయ్యొచ్చా?

ఫిల్టర్‌బెడ్ జవాబు

మామూలుగా ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి దాకా కాలువలు కట్టేస్తారు. చెరువు నిండుగా నింపుకుంటే మే మొదటి వారం దాకా ఇబ్బంది ఉండదు. అడుగంటే కొద్దీ నీరు పచ్చబడి, టీడీఎస్ పెరిగి, వాసన వేస్తుంది. ఆ మూడు నాలుగు వారాలు టిన్ను తెచ్చుకోండి, తప్పేం లేదు. తక్కిన పదకొండు నెలలు మానేసినా ఏడాదికి మూడొందలకి పైగా టిన్నులు తగ్గుతాయి. జూన్లో కొత్తనీరు వదిలాక మొదటి పదిరోజులూ జాగ్రత్త. గట్ల మీద పోగైన చెత్తంతా ఆ నీటితోనే వస్తుంది.

యూఎఫ్‌లో కరిగిన మందులు ఆగవు. కార్బన్ కొంత పట్టుకుంటుంది, అన్నీ కాదు. చేపల చెరువుల మురుగు మంచినీళ్ళ చెరువులోకి ఊరుతోందా అన్నది చూడాలి. గుర్తు అమ్మోనియా. అది ఉంటే మామూలు మోతాదు బ్లీచింగుకి విడి క్లోరిన్ మిగలదు, అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ అయిపోతుంది, నీళ్ళకి ఒకరకం ఘాటు కంపు వస్తుంది. ల్యాబులో అమ్మోనియా, నైట్రేట్ అడిగి చేయించండి. నైట్రేట్ లీటరుకి 45 మి.గ్రా. దాటకూడదు, అమ్మోనియా 0.5 మి.గ్రా. రెండూ ఎక్కువుంటే ఇంట్లో ఏ మిషనూ సరైన జవాబు కాదు. చెరువు గట్టుకి ఆనుకుని ఊట డ్రెయిన్ తవ్వించమని పంచాయతీకి రాసివ్వండి, పరీక్ష కాగితం జతచేసి.

ఫిల్టరు బెడ్ల మాట కూడా అడగండి. ఇసుక పై పొర రెండు సెంటీమీటర్లు గీకాక ఒకటి రెండు రోజులు ఆ నీరు బయటికి వదిలెయ్యాలి. పైన జీవపొర మళ్ళీ కట్టుకుంటేనే అది వడకడుతుంది. చాలాచోట్ల గీకిన పూటే ట్యాంకుకి ఎక్కిస్తారు, ఇంకొన్నిచోట్ల బెడ్డు పక్కనుంచి నేరుగా పంపు పెట్టేస్తారు. మీటరు 210 చూపిస్తూనే ఉంటుంది.

వడ్డనబంతి జవాబు

ఐసు గ్లాసులో కాదు, టిన్ను బయట. మన వైపు దొరికే దిమ్మలు చాలావరకు చేపలకి, రొయ్యలకి చేసే ఐసు, తాగే నీటితో చేసింది కాదు. పెద్ద తొట్లో దిమ్మ పగలగొట్టి వేసి, మూత బిగించిన టిన్నులు అందులో మెడ దాకా నిలబెట్టండి. మెడ మునగకూడదు. మూత సందులోంచి కరిగిన నీరు లోపలికి పోతుంది. టిన్ను తీసి పోసేముందు మెడ చుట్టూ పొడి గుడ్డతో తుడవాలి. గంటన్నరలో చల్లబడతాయి. మాఘంలో అడిగేవాళ్ళు తక్కువే, ఆరేడు టిన్నులు చల్లబెడితే సరిపోతుంది.

బ్లీచింగు కొత్త సంచి కొనండి, మీద తయారీ నెల చూసి. మూతి తెరిచి తేమలో ఉంచింది రెండు నెలల్లో పస సగం పోగొట్టుకుంటుంది, పైన చెప్పిన 20 గ్రాముల లెక్క దానికి పనికిరాదు. మిగిలింది గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో వేసి నీడన పెట్టండి, ఇనప డబ్బాలో వద్దు.